బీరకాయ టోపీ

మొన్న పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, తిరుపతిలో ఒక హెల్మెట్ల అంగట్లో నాకు సంబంధం లేని విషయంలో నోరు చేసుకున్నాను. స్కూటరు వెనక కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్ ఉండాల్సిందేనని ఈ మధ్య పోలీసులు పట్టుదలగా ఉన్నారు. డెబ్బై రెండేళ్లు నిండిన తలకు కూడా మినహాయింపు లేదట. మా ఇంటి పిల్ల నన్ను అంగడి ముందు దింపి, స్కూటరు నీడన పెట్టడానికి వీధి చివరకు పోయింది. అంగట్లో నాకంటే ముందు ఒకాయన ఉన్నాడు. ఆ పొద్దున్నే కొండ దిగినట్టున్నాడు. గుండు మీద పూసిన చందనం ఇంకా తడి ఆరలేదు. ఆయన ఒక ఎర్ర హెల్మెట్ పెట్టుకొని అద్దం ముందు తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. తల తిరుగుతోంది గాని హెల్మెట్ తిరగడం లేదు.

"గుండు గదన్నా, లూజుగానే ఉంటాది. మూణ్ణెల్లకు జుట్టొచ్చేస్తే కరెక్టుగా పట్టేస్తాది," అన్నాడు అంగడాయన.

కొనేవాయనకు ఆ మాట సబబుగానే తోచింది. డబ్బు తీయడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆ మూణ్ణెల్లూ ఈయన బండి మీంచి పడడని నువ్వు పూచీ ఉంటావా నాయనా?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను ఆయన్ను కొంచెం వంగమని, నుదుటికీ హెల్మెట్ లోపలి మెత్తకూ మధ్య వేలు పెట్టి చూపించాను. ఒక వేలు పోయింది. రెండోది పోయింది. మూడోది కూడా అవస్థ పడకుండా పోయింది. "ఒక వేలు పోవచ్చు. రెండు పోయినాయంటే అది నెత్తిన బోర్లించుకున్న బిందెతో సమానం," అన్నాను.

"మీరు డాక్టరామ్మా?" అని అడిగాడు గుండాయన, వంగినవాడు వంగినట్టే.

"కాదు. పలమనేరులో పాల కేంద్రంలో వెన్న శాతం చూసేదాన్ని."

ఆ జవాబుతో ఆయనకు ఏమీ తేలినట్టు లేదు. తేలకపోవడం న్యాయమే. ఈ ఒక వేలు లెక్క నేను పాల దగ్గర నేర్చుకున్నది కాదు, మా మరిది దగ్గర నేర్చుకున్నది. ఆయన సైన్యంలో ట్యాంకు నడిపేవాడు.

అప్పట్లో మా ఉమ్మడి సంసారం పలమనేరులో ఉండేది. మా అత్త, నేను, నా భర్త, నా తోడికోడలు, ఆమెకు ఒక్కతే కూతురు. తోడికోడలి భర్తే ఈ మరిది, ఏడాదికి ఒకసారి సెలవు మీద వచ్చేవాడు. పలమనేరు చిత్తూరు కంటే ఎత్తున ఉంటుంది కాబట్టి కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దున పాలు తెచ్చేవాళ్ల ముఖాలు కనిపించేవి కావు. కోతి టోపీల్లోంచి ముక్కులు మాత్రం కనిపించేవి. నేను ముక్కులను బట్టే మనుషులను గుర్తుపట్టి పాలు కొలిచి రాసుకునేదాన్ని. ఈ చలి సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మాకు అది కొంతకాలం అక్కరకు వచ్చింది.

తోడికోడలి కూతురికి ఎనిమిదో ఏట ఫిట్సు మొదలయ్యాయి. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం తక్కువే. నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే, తాడు తెగిన బకెట్టులాగా పడిపోయేది. రెండు నిమిషాల్లో లేచి, తాను పడ్డ సంగతి తెలియక, సగంలో ఆపిన మాటను అందుకునేది. వేలూరు తీసుకుపోయి చూపించాం. మాత్రలు రాసిచ్చారు. వయసుతో తగ్గిపోవచ్చని, అందాకా తలకు దెబ్బ తగలకుండా చూసుకోవాలని చెప్పారు. ఎట్లా చూసుకోవాలో చెప్పలేదు. ఇల్లంటే మనం ఇల్లనుకుంటాం గాని, పడిపోయే పిల్ల కళ్లతో చూస్తే అది రోలు, పొత్రం, గడప, మంచం కోడు, బట్టలుతికే బండ. తోడికోడలు పాత దుప్పట్లు చించి కనిపించిన ప్రతి మూలకూ చుట్టింది. మా ఇంటికి వచ్చినవాళ్లు మంచాలకు దెబ్బ తగిలి కట్లు కట్టామనుకునేవారు.

ఇంట్లో కట్టగలిగింది బడిలో కట్టలేం కదా. నాలుగో తరగతిలో ఒకరోజు బడి మెట్ల మీద పడి తల పగిలింది. పెద్ద టీచరు పిల్లను ఇంటికి తానే తీసుకొచ్చింది. చెడ్డ మనిషి కాదు. ఆమె చీర కుచ్చిళ్లకు అంతా రక్తమే. "ఇంకొక తూరి రక్తం చూడాల్సొస్తే నా వల్ల కాదమ్మా. మిగతా పిల్లోళ్లు జడుసుకుంటా ఉండారు. ఇంట్లోనే పెట్టుకోండి," అని చెప్పి వెళ్లింది. పిల్ల తలకు కట్టుతో గోడకు ఆనుకొని కూర్చొని, "పెద్దమ్మా, రేపు నాకు ఎక్కాల పరీచ్చ," అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాట్లాడుకున్నదంతా ఒక్కటే: ఈ పిల్ల బడికి పోవడమా, మానడమా.

ఆ ఏడు మరిది సెలవు మీద వచ్చి, ఇనప పెట్టె తెరిచి, చీరలకూ స్వీటు డబ్బాకూ ముందు ఒక వస్తువు తీసి నట్టింట్లో పెట్టాడు. నల్లటి గుడ్డ టోపీ. నుదుటి నుంచి వెనక్కి బొటనవేలంత లావున కణుపులు కణుపులుగా ఉబ్బి ఉంది. చెవుల దగ్గర రెండు గుండ్రటి గిన్నెలు, గడ్డం కింద ఒక పట్టీ, వెనక ఇంకొకటి. చిరిగి వాడకం నుంచి తీసేసినదాన్ని పైవాళ్లను అడిగి తెచ్చుకున్నాడట. అడిగే తెచ్చావా అని నేను రెండుసార్లు అడిగాను.

"ఏందిరా ఇది, ముదురు బీరకాయ మాదిరి?" అంది మా అత్త.

"ట్యాంకులో పెట్టుకొనేదమ్మా."

"గుండు తగిలితే ఆపుతాదా?"

"యాడ ఆపుతాది, గుడ్డ గదా! ఇది శత్రువు కోసరం కాదు. మా ట్యాంకు నుంచి మమ్మల్ని కాపాడుకొనేదానికి."

తర్వాత మరిది నేల మీద చతికిలబడి, నా పాల క్యాను ఒకటి ముందు పెట్టుకొని వివరించాడు. ట్యాంకు లోపల ఎటు చూసినా ఇనుమే. అది గుంటలో దిగి మిట్ట ఎక్కేటప్పుడు మనిషి తల కుడికో ఎడమకో పోయి ఆ ఇనుముకు తగులుతుంది. ఇనప టోపీ పెట్టుకుంటే ఆ ఇరుకులో పట్టదు, ఇనుమూ ఇనుమూ కొట్టుకొని మెడ విరుగుతుంది. ఈ కణుపుల్లో దూది లాంటిది కూరి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ముందు కణుపు నలుగుతుంది, అది నలిగేలోగా దెబ్బ ఊపు చస్తుంది. చెవుల గిన్నెల్లో ఫోను ఉంటుంది, లేకపోతే ఆ మోతలో పక్కవాడు అరిచినా వినపడదు. "చూసేదానికి నవ్వొస్తాది వదినా, మేమూ నవ్వినాం. మొదటి దినం తల నాలుగు తూర్లు కొట్టుకున్నాక ఎవురూ నవ్వలా," అన్నాడు.

అందరికంటే ముందు అర్థం చేసుకున్నది మా అత్త. "మేం నీళ్లు మోసేటప్పుడు పెట్టుకొనే సుట్టకుదురే గదరా. బిందె నెత్తిని నొక్కకుండా. దీనికింత కత ఏమిటికి?" అంది.

ఆ సెలవంతా మా వీధివాళ్లకు సైనికుల టోపీల గురించి కొత్తగా కుతూహలం పుట్టింది. ఎదురింటాయన ఒకవైపు అంచు పైకి మడిచిన టోపీ ఫోటోలో చూశానని, అదేం సోకు అని అడిగాడు. సోకు కాదు, తుపాకీ భుజాన పెట్టుకొన్నప్పుడు అంచుకు తగలకుండా ఆ వైపు మడుస్తారని మరిది చెప్పాడు. ట్యాంకు వాళ్ల మెత్త టోపీకి అంచే ఎందుకు లేదంటే, చూసే అద్దానికి కన్ను ఆనించాలి. నలుపే ఎందుకంటే, ఇంజను జిడ్డు కనపడకుండా. "అయితే సైన్యంలో సోకుకు పెట్టుకొనే టోపీ ఒకటీ లేదాప్పా?" అని ఎదురింటాయన నిరాశపడ్డాడు. "ఉండాయి. అయ్యి పెద్దాఫీసర్లయి," అన్నాడు మరిది.

కష్టమల్లా తోడికోడలితోనే వచ్చింది. ఆమె టోపీని ముట్టుకోలేదు. "ఇప్పుడు ఫిట్సని నలుగురికే తెలుసు. ఇది పెట్టి పంపిస్తే ఊరంతా తెలుస్తాది. రేప్పొద్దున బిడ్డను ఎవురు చేసుకుంటారక్కా?" అని నన్ను అడిగింది. నేను ఆమెకు లెక్క ఒకటే చెప్పాను. టోపీ పెడితే ఊరికి తెలుస్తుంది, పెట్టకపోతే బడి పోతుంది, తల కూడా పోవచ్చు. ఆమె ఒక పూట ఏడ్చి, సాయంత్రానికి తానే దువ్వెన తీసుకొని కూర్చుంది.

టోపీ పెద్దవాళ్లది, తల తొమ్మిదేళ్లది. కాని ఆ పిల్లకు జుట్టు ఎక్కువ. మా అత్త ప్రతి శుక్రవారం ఆముదం పట్టించి పెంచిన జుట్టు. రెండు జడలు అల్లి, వాటిని తల చుట్టూ చుట్టి పిన్నులు పెట్టి, పైన టోపీ పెట్టి, వెనక పట్టీని ఆఖరు బెజ్జం దాకా లాగితే అప్పుడు సరిపోయింది. మరిది కూతురి నుదుటి దగ్గర వేలు పెట్టి చూశాడు. "ఒక వేలు పోతే గాలి ఆడతాది. రెండు పోతే టోపీ ఒక పక్కకు, తల ఒక పక్కకు పోతాయి," అని మా ముగ్గురి చేతా వేలు పెట్టించి చూపించాడు. సెలవు అయిపోయి బస్సు ఎక్కేటప్పుడు కూడా, జడలు గట్టిగా చుట్టమని చెప్పి పోయాడు.

పెద్ద టీచరు టోపీని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, బడికి రానిచ్చింది. చలికాలం కాబట్టి మొదట్లో కోతి టోపీల మధ్య ఇదీ కలిసిపోయింది. ఎండలు ముదిరాక పిల్లలు బీరకాయ అని పేరు పెట్టారు. పిల్ల ఏడవలేదు. "మా నాయన ట్యాంకు తోల్తాడు. మీ నాయన ఏం తోల్తాడు?" అని అడిగేదట. "బర్రెల్ని," అన్న పిల్లవాడు ఒకడు మరుసటి రోజు నుంచి ఆమె పుస్తకాల సంచి మోసేవాడు.

ఫిట్సు ఆగలేదు, పడడం ఆగలేదు, మాత్రలూ ఆపలేదు. కాని పడ్డప్పుడల్లా కణుపు నలగడమే గాని, రక్తం కనిపించలేదు. మా అత్త ఈ సంగతిని తన పద్ధతిలో లెక్క కట్టింది. తల పగిలిన రోజునే ఆమె ఎవరికీ చెప్పకుండా మొక్కుకుందట, ఏడాది పాటు బిడ్డ నెత్తిన రక్తం కారకుండా చూస్తే ఆ బిడ్డ తలనీలాలు ఇస్తానని. ఏడాది నిండింది. రక్తం కారలేదు. స్వామి మాట నిలబెట్టుకున్నాడు, ఇక ఇవ్వాల్సింది మనం, అంది. ఆ లెక్కలో తప్పు పట్టడానికి మాకెవరికీ ఏమీ దొరకలేదు. శనివారం మొదటి బస్సులో బయలుదేరి కొండకు పోయాం.

కల్యాణకట్టలో మంగలి జడ విప్పుతూ, "ఏం పాపా, ఇంత జుట్టు స్వామికేనా, నాకేమన్నా మిగిల్చేది ఉండాదా?" అంటే పిల్ల పకపకా నవ్వింది. జుట్టు ఒడిలో పడినప్పుడు నేను కంటితోనే కొలిచాను: మూరా జానెడు. నున్నటి గుండుకు చందనం పూసి, టోపీ పెట్టబోతే అది కళ్ల మీదికి జారి, అక్కడ నుంచి పక్కకు తిరిగి, చెవి గిన్నె ముక్కు మీదికి వచ్చి కూర్చుంది. పిల్ల చేతులు చాచి గుడ్డిదానిలా నడిచింది. మేం ముగ్గురం, పక్కనున్న యాత్రికులూ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాం. తోడికోడలు గడ్డం కింది పట్టీని బిగించి కట్టింది. అంతటితో సరిపోయిందనుకున్నాం. ఆ టోపీని ఆ తలకు అమర్చిందే జుట్టు అనే సంగతి కొండ మీద మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు. అందరికీ మొక్కు తీరిన తృప్తి.

బుధవారం బడిలో నీళ్ల కొళాయి దగ్గర ఫిట్సు వచ్చింది. టోపీ తలతో పాటు తిరగకుండా వెనక్కి జారి మెడ మీద వేలాడింది. నుదురూ నోరూ సిమెంటు గట్టుకు తగిలాయి. కనుబొమ్మ పైన ఆరు కుట్లు పడ్డాయి. పాల పళ్లు ఊడి రెండేళ్ల క్రితం వచ్చిన ముందు పళ్లు రెండూ విరిగిపోయాయి. పెద్ద టీచరు ఈసారి తాను రాలేదు, ఆయా చేత పుస్తకాల సంచి పంపించింది. సంచి వచ్చిందంటే అర్థం మాకు తెలుసు.

తంతి అందుకొని మరిది వచ్చేసరికి కుట్లు విప్పే వారం అయింది. ఇంట్లో అందరూ తిట్లకు సిద్ధంగా ఉన్నారు. ఆయన టోపీ తీసి కూతురి తలకు పెట్టాడు. వేళ్లు పెట్టి చూశాడు. నాలుగు వేళ్లూ పోయాయి.

"మా పటాలంలో పుత్తూరోడు ఒకడుండాడు," అన్నాడు. "సెలవులో గుండు చేయించుకోని వచ్చినాడు. మా రిసాల్దారు వానికి టోపీ పెట్టి తల ఆడించమన్నాడు. టోపీ ఆడింది. దేవుడికి ఇచ్చినావు, మంచి పని చేసినావు, జుట్టొచ్చేదాంకా వంటశాలలో ఉల్లిగడ్డలు తరుగు పో, అన్నాడు."

"ఆ మాట ముందే జాబులో రాసుంటే ఏం పోయిందిరా నీకు?" అని అత్త గయ్యిమంది.

"గుండు చేయిస్తామని మీరు రాసుంటే నేనూ రాసుందును గదమ్మా."

"మొక్కు ఎవురికన్నా చెప్పి మొక్కుకుంటారా?"

పిల్ల ఒక్కతే నవ్వబోయి, గబుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా కేకలేస్తున్న మా అత్త ఆ చెయ్యి చూసి ఆగిపోయింది. లోపలికి పోయి, పెట్టెలో అడుగున ఉన్న తన నేత చీర తెచ్చింది. పుట్టింటి వాళ్లు పెట్టిన చీర, పండగలకు తప్ప కట్టేది కాదు. ఎవరినీ అడగకుండా దాన్ని నిలువునా చించింది.

ఆ రాత్రికీ మరుసటి రోజుకీ కూర్చొని చీరను మడతలు పెట్టి, టోపీ లోపల పొర మీద పొర కుట్టింది. మధ్య మధ్య మరిది వేలు పెట్టి చూసేవాడు. ఐదు పొరలకు ఒక వేలు లెక్క కుదిరింది. "జుట్టు పెరిగే కొద్దీ ఒక్కొక్క పొరా విప్పుకోని రావాలమ్మా, లేకుంటే బిగుసుకోని తలనొప్పి వస్తాది," అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. అప్పటి నుంచి శుక్రవారం తల మీద పోశాక, ఆరిన జుట్టు మీద టోపీ పెట్టి అత్త వేలు పెట్టి చూసేది. వేలు దూరనన్న వారం ఒక పొర విప్పేది. విప్పిన గుడ్డను ఉతికి, మడిచి, దిండు కింద పెట్టుకునేది. మొక్కు గురించి మళ్లీ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఆ ఏడాది పిల్ల ఇంట్లోనే ఉంది. పొద్దున నాతో పాటు పాల కేంద్రానికి వచ్చి, నోరు మూసుకొని నవ్వడం నేర్చుకుంటూ, వెన్న శాతాలు కూడేది. మరుసటి జూన్‌లో మరిది సెలవు పెట్టుకొని వచ్చి, టోపీ పట్టుకొని, పెద్ద టీచరు ముందు కూతురి చేత తల ఆడించాడు. టోపీ ఆడలేదు. ఆమె తన వేలు కూడా పెట్టి చూసుకొని, తనకంటే చిన్న పిల్లలతో కలిపి అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టింది. నాలుగో పొర విప్పిన కొన్నాళ్లకు మా అత్త కాలం చేసింది. మిగిలిన ఒక్క పొరను విప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పద్నాలుగో ఏట ఫిట్సు ఆగిపోయి, డాక్టరు మాత్రలు తగ్గించుకుంటూ వచ్చి మానిపించేదాకా, పిల్ల ఆ పొరతోనే, కొంచెం బిగుతుగానే పెట్టుకుంది.

ఇదంతా అంగట్లో చెప్పలేదు. గుండాయన చిన్న సైజు తీయించుకొని, వేలు పెట్టి చూసుకొని, కొనుక్కొని వెళ్లిపోయాడు. అంగడాయన నా వైపు చూసి, "నీకు మీడియం సరిపోతాదిలే అవ్వా," అని నీలం రంగు హెల్మెట్ ఒకటి నా తలకు పెట్టాడు. అప్పుడే మా ఇంటి పిల్ల స్కూటరు పెట్టి లోపలికి వచ్చింది. పిల్ల అంటున్నాను గాని ఆమెకు నలభై దాటాయి. తిరుపతిలో ఒక మందుల కంపెనీలో లెక్కలు చూస్తుంది. తన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంటే కనుబొమ్మ పైన తెల్లటి గీత కనిపించింది. ఆమె అడగకుండానే నా నుదుటి దగ్గర వేలు పెట్టింది. ఒకటి పోయింది. రెండోది కూడా పోయింది.

"చిన్న సైజు తియ్యి అన్నా," అంది. "పెద్దమ్మా, నీ జుట్టు శానా తగ్గిపోయింది."

నేను అద్దంలో చూసుకున్నాను. నిజమే.

ఇంటికి వచ్చాక, పోయినవాటిని వరసగా రాసుకున్నాను. ఒక పిల్ల జడ, మూరా జానెడు. ముందు పళ్లు రెండు, ఇప్పుడున్నవి కట్టించినవి. బడిలో ఒక ఏడాది. మా అత్త పుట్టింటి చీర. తర్వాత మా అత్త. మరిది పోయి ఆరేళ్లు. టోపీని పలమనేరు ఇల్లు అమ్మిన ఏడు అటక మీద నుంచి దింపితే చెదలు తినగా మిగిలింది రెండు చెవి గిన్నెలు, ఒక బకిలు. వీటన్నిటికీ నా దగ్గర తేదీలు ఉన్నాయి. నా జుట్టు ఒక్కదానికే తేదీ లేదు. అది ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.